దారాలెక్కించిన సూదులు

నా ఎడమకంటికి పొగ కమ్మినట్టయిన దగ్గర్నుంచీ మా ఆయన పొద్దున్నే షాపు తెరవగానే సూదులన్నిటికీ దారాలెక్కించి, దూది ఉండకి గుచ్చి, నా మిషను పక్కన పెట్టేవాడు. "వయసొచ్చిందే నీకు, కళ్ళజోడు తెచ్చుకో" అని ఆటపట్టించేవాడు. నేనూ మురిసిపోయేదాన్ని, పిచ్చిమొహాన్ని! ఇద్దరం దర్జీలమే. కత్తిరింపు ఆయనది, కుట్టు నాది.

ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంట్లోనూ పొగ మొదలయ్యేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాజా కుట్టబోయి వేలు కుట్టుకున్నాను. ఇద్దరం పెద్దాసుపత్రికి పరుగెత్తాం.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి గొంతు తగ్గించింది. "ఇది ఒట్టి కంటిజబ్బు కాదమ్మా, సిఫిలిస్. ఒంట్లో ఉన్న సుఖవ్యాధి కళ్ళకెక్కింది. ఎడమకన్ను ఇక రాదు. కుడికన్నయినా దక్కాలంటే ఇవాళే చేరాలి."

సుఖవ్యాధట! సుఖమెవరిదో గానీ వ్యాధి మాత్రం నాకు.

"మీవారికీ పరీక్ష చెయ్యాలి" అందావిడ.

"నాకెందుకండీ?" అన్నాడు మా ఆయన కంగారుగా. "పోయినేడే సూదులు వేయించుకున్నాను. నాకు తగ్గిపోయింది."

అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"మీ ఆవిణ్ణి తీసుకురమ్మని అప్పుడు చెప్పలేదా?"

"చెప్పారు..." నేలచూపులు చూశాడు. "తెలిస్తే నాతో ఉంటుందా అని..."

"అప్పుడే తెచ్చుంటే రెండు కళ్ళూ ఉండేవి."

ఒళ్ళు భగ్గుమంది. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ముందు నా కన్ను. "మందు ఎక్కించండమ్మా" అని చెయ్యి చాపాను.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే కన్ను తెరవాలంటే భయం. కిటికీ ఊచలు కనిపిస్తే ఆ పూటకి బతికినట్టు. పొగ ముందు ఆగింది, తర్వాత మెల్లగా విచ్చింది.

ఇంటికొచ్చిన మర్నాడు షాపుకెళ్ళాను. దారాలతో సూదులన్నీ సిద్ధంగా ఉన్నాయి. పక్కనే ఆయన, చేతులు నలుపుకుంటూ.

ఒక్కో దారం లాగి పారేశాను. కొత్త దారం కొస తడిచేసి, సూదిని వెలుతురుకెత్తాను. ఒంటికంటికి దూరం తెలియదు. తప్పింది. మళ్ళీ తప్పింది. ఆయన చెయ్యి ముందుకొచ్చింది.

"ముట్టుకున్నారంటే ఊరుకోను!"

ఈసారి ఎక్కింది. ఏడుపు తన్నుకొచ్చింది. దారం కొసకి ముడేసి, ఆయన కత్తెర తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది తీసుకుని వెళ్ళు" అన్నాను.

కత్తెర తీసుకున్నాడు. ఆయన గుమ్మం దాటేదాకా చూసి, కాజా కుట్టడం మొదలుపెట్టాను.