ఎస్తేరు చేతి కొడవలి

అమెరికా నాటకాలు ఆడతామంటే ప్రొద్దుటూరులో మొదట నవ్వారు. నవ్వినవాళ్లందరికీ నేనొకటే చెప్పాను. ఎండిన నేల, అందని నీళ్లు, గట్టు తగాదా, తాగి తుపాకీ తీసే అన్నదమ్ములు. వాళ్ల పాత నాటకాల నిండా ఉండేది ఇదే. మన జిల్లా గురించి ఇంతకంటే బాగా ఎవడు రాశాడు? నేను పేర్లు కూడా మార్చలేదు. ఎస్తేరు, సామ్యేలు, యోహాను అనే పేర్లవాళ్లు మా జమ్మలమడుగు మిషన్ పేటలో ఇంటికొకరున్నారు.

నా పేరు నిర్మల. ఇంగ్లిషు టీచరు ఉద్యోగం మానేసి 'పెన్నా రంగస్థలి' పెట్టాను. మాది సరదాకు ఆడే బృందం కాదు, నటనే తిండి పెట్టాలి. మూతపడిన పత్తి జిన్నింగు మిల్లులో రిహార్సలు చేస్తాం. నాకు కోపం ఎక్కువ. మాట మింగిన నటుడి మీదికి చెప్పు విసిరినదాన్ని, ఇప్పుడూ విసురుతాను.

మేము బయటికి తీసిన నాటకాల్లో అన్నిటికంటే గట్టిది ఎస్తేరు కథ. ఎవరో అమెరికావాడు తాతల కాలంలో రాశాడు. బావి కోసం జరిగిన గొడవలో ఎస్తేరు మొగుణ్ని సామ్యేలు చంపుతాడు. చివరి రంగంలో సామ్యేలు తాగి నేల మీద పడి ఉంటాడు. ఎస్తేరు గొడ్డలి పైకెత్తుతుంది. చాలాసేపు అలాగే నిలబడుతుంది. తర్వాత గొడ్డలి కింద పడేసి, వాడి మీదుగా దాటుకుంటూ వెళ్లిపోతుంది. అంతే నాటకం.

గొడ్డలి వద్దన్నది వనజమ్మ.

"గొడ్డలి పట్టుకుంటే కట్టెలు కొట్టేదానికి పోతాందనుకుంటారు అక్కా. కొడవలి పెట్టు" అంది.

ఆమె మాట నేను కాదనలేదు. వనజమ్మది లింగాల దగ్గర పల్లె, పెద్ద రైతు కుటుంబం. ఆమె భర్తను చీనీ బత్తాయి తోటలో, ఆమె కళ్ల ముందే నరికారు. నరికించింది ఎదుటి వర్గం పెద్ద ఆదినారాయణ అని ఆ చుట్టుపక్కల చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా కోర్టులో వనజమ్మ 'నేను చూడలేదు' అని చెప్పింది. అత్తింటివాళ్లు అలా చెప్పించారు. అది అక్కడి కట్టుబాటు. చచ్చినవాళ్ల తరఫువాళ్లే సాక్ష్యం చెప్పరు. శత్రువును జైలుకు పంపితే వాడు చేతికి అందడని వాళ్ల లెక్క. పోలీసుల దగ్గర అందరూ గుడ్డివాళ్లవుతారు, తర్వాత తీరిగ్గా కొడవళ్లు నూరుకుంటారు. ఆదినారాయణ కాలరు నలక్కుండా బయటికొచ్చాడు. వనజమ్మ కొడుకు యశ్వంత్‌ను చిన్నాయన పెంచాడు. ఏం నేర్పి పెంచాడో చెప్పనక్కర్లేదు.

ఆమె ప్రొద్దుటూరు వచ్చి మా దగ్గర మొదట బట్టలు కుట్టింది, తర్వాత వేషం కట్టింది. స్టేజీ ఎక్కిందని అత్తింటివాళ్లు గడప తొక్కనివ్వలేదు. కొడుకు మాట్లాడటం మానేశాడు.

"వాడు ఒక్కసారి వచ్చి చూస్తే చాలక్కా. నేను కొడవలి కింద పడేసేది వాడు చూడల్ల. నోటితో చెప్తే వినడు. వాళ్ల చిన్నాయన వాడికి ముహూర్తం పెట్టినట్టే ఉండాడు" అని ఒకరోజు నా దగ్గర ఏడ్చింది. ఆమె జీతం కోసం నటించడం లేదని నాకు ఆ రోజే అర్థమైంది. ఆ ఒక్క ప్రేక్షకుడి కోసమే నటిస్తోంది.

సామ్యేలు వేషం జిలానీది. పౌరాణికాల్లో ముఖానికి రంగు పూసుకుని పెరిగిన మనిషి. ఆ నాటకాల్లో రెండు అలవాట్లున్నాయి. నచ్చిన చోట జనం 'వన్స్ మోర్' అని అరుస్తారు, నటుడు మళ్లీ మొదలుపెట్టాలి. ఊరి పెద్ద ఆట మధ్యలోనే స్టేజీ ఎక్కి శాలువా కప్పుతాడు. చచ్చిపడ్డ రాక్షసుడు కూడా లేచి దండం పెట్టి మళ్లీ చస్తాడు. ఈ రెండూ మా ప్రదర్శనల్లో కుదరవని నేను గేటు దగ్గర బోర్డు పెట్టించాను. జిలానీ ఆ బోర్డు చూసి నెల రోజులు ముఖం ముడుచుకున్నాడు.

జమ్మలమడుగులో మొదటి ప్రదర్శన. వనజమ్మ కొడవలి ఎత్తగానే హాలంతా లేచి నిలబడింది. "నరుకు! ఏం చూస్తాండావు? నరుకు!" అని మగవాళ్లు గొంతులు చించుకున్నారు. ఆమె పడేసింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కుర్చీలు లేచాయి. ఒక కుర్చీ మైకు విరగ్గొట్టింది. ఇంకొకటి నా భుజానికి తగిలింది. "ఇదేం నాటకమప్పా, దుడ్లు వాపసియ్యండి" అని ఒకడు గేటు పీకాడు. వేషం తుడుచుకోకుండా టీ తాగడానికి బయటికెళ్లిన జిలానీని పదిమంది చుట్టుకుని చావగొట్టారు. ఆమె చంపలేదు కాబట్టి వాళ్లే ఆ పని పూర్తి చేయాలనుకున్నారు. అతని పై పన్ను ఊడి అరచేతిలోకొచ్చింది. నేను టీ కొట్టువాడి గరిటె లాక్కుని ఇద్దరి వీపులు పగలగొడితే గానీ వాళ్లు వదల్లేదు.

జిలానీ పన్ను జేబులో వేసుకుని, "నలభై ఏండ్లు రావణుడు కట్టినా. ఒక్కడూ కొట్టలేదు. ఈ అమెరికావోడు కొట్టించినాడు మేడమ్మా" అన్నాడు. నవ్వబోతే మళ్లీ రక్తం వచ్చింది.

పులివెందులలో ఆడమని అక్కడి క్లబ్బువాళ్లు పిలిచారు. ముందే ఫోను చేసి, చివర్లో నరికేటట్టు మార్చమన్నారు. నేను తిట్టిన తిట్లకు ఫోను పెట్టేసి, మళ్లీ వాళ్లే చేసి, సరే మీ ఇష్టమన్నారు. అక్కడికి వెళ్లాక గానీ నాకు ముఖ్య అతిథి ఎవరో తెలియలేదు. ఫ్లెక్సీ మీద తెల్ల చొక్కాలో ఆదినారాయణ నవ్వుతూ చేతులు జోడించి ఉన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. సామాను మళ్లీ వ్యానులో ఎక్కించమన్నాను.

"వద్దక్కా" అని వనజమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పిల్లోడు ఫోను చేసినాడు. వస్తా అన్నాడు."

"ఆదినారాయణ వస్తాడని తెలిసే వస్తాండాడేమో. ఆలోచించినావా?"

"నేను అడిగినదానికి వస్తాండాడు" అంది. అలా నమ్మకపోతే ఆమె ఆ పూట నిలబడలేదు. సామాను దించమన్నాను.

సాయంత్రం హాలు నిండింది. ఆదినారాయణ ముందు వరసలో సోఫాలో కూర్చున్నాడు. చివరి రంగం వచ్చింది. జిలానీ నేల మీద పడ్డాడు. వనజమ్మ కొడవలి ఎత్తింది. చెక్కతో చేసి వెండి కాగితం అంటించిన కొడవలి, లైటు పడి తళతళలాడింది. ఎవరూ అరవలేదు. ఎవరి ముందు ఎవరు కొడవలి ఎత్తారో అందరికీ తెలుసు. ఆమె చాలాసేపు నిలబడి, పడేసింది.

వెనక నుంచి ఎవడో గొంతెత్తాడు. "వన్స్ మోర్!"

అంతే, హాలంతా అందుకుంది. ఈలలు, చప్పట్లు. నేను పక్క తెర దగ్గర నిలబడి వద్దు వద్దని రెండు చేతులూ ఊపాను. నేల మీద పడి ఉన్న జిలానీ కూడా కళ్లు మూసుకునే తల అడ్డంగా తిప్పాడు. వనజమ్మ మా వైపు చూడలేదు. ఆమె చూపు పక్క తలుపు మీద ఉంది. యశ్వంత్ అప్పుడే లోపలికొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. ఆలస్యంగా వచ్చాడు. తల్లి కొడవలి పడేయడం వాడు చూడలేదు.

ఆమె వంగి కొడవలి తీసుకుని మళ్లీ ఎత్తింది. జనం కోసం కాదు, వాడి కోసం.

సరిగ్గా అప్పుడే ఆదినారాయణ లేచాడు. నా బోర్డు ఎవడు చదివాడు? చేతిలో శాలువాతో మెట్లెక్కి, క్లబ్బువాడి దగ్గర మైకు తీసుకున్నాడు.

"వనజమ్మా, శానా బాగా చేసినావు. జరిగిందేదో జరిగిపాయ. ఇంగ మనం మనం ఒకటి" అన్నాడు. అంతమంది ముందు రాజీ చేసుకున్నట్టు, పెద్దమనిషి అనిపించుకోవడానికి, ఆమె భుజాల మీద శాలువా కప్పాడు.

నేను చూస్తున్నాను. ఆమె చెయ్యి ఇంకా పైనే ఉంది. పళ్లు బిగుసుకున్నాయి. అది చెక్కదే అయినా ఆ క్షణంలో ఆదినారాయణ తల పగిలేది. ఆమె నెమ్మదిగా చెయ్యి దించింది. వేళ్లు విడిచింది. కొడవలి టక్కుమని చప్పుడు చేస్తూ చెక్కల మీద పడింది. ఇన్ని ప్రదర్శనల్లో ఆమె నిజంగా దించింది అదొక్కసారే. దాన్ని చూసి నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

యశ్వంత్‌కు మాత్రం కనిపించింది వేరు. తండ్రిని చంపించినవాడు తల్లికి శాలువా కప్పుతున్నాడు, తల్లి తల వంచుకుంది. వాడు రెండంగల్లో స్టేజీ ఎక్కాడు. చొక్కా వెనక నుంచి చెయ్యి తీసేసరికి అందులో కొడవలి ఉంది. అది చెక్కది కాదు.

మొదటి దెబ్బకు ఆదినారాయణ చెవి తెగి భుజం చీలింది. తెల్ల చొక్కా క్షణంలో ఎర్రబడింది. ఆయన వెనక్కి పడ్డాడు. రెండో దెబ్బ మెడకు లేచింది. వనజమ్మ అడ్డం దూకి కుడిచెయ్యి పైకెత్తింది. మణికట్టు దగ్గర ఎముక తెగిన చప్పుడు మైకులోంచి హాలంతా వినిపించింది.

జనం చప్పట్లు కొట్టారు. నాటకమే అనుకున్నారు. "వన్స్ మోర్" అని కూడా అరిచారు. ఆ అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ అరిచినవాళ్లను నేను ఎప్పటికీ క్షమించను.

జిలానీ పడుకున్నచోటి నుంచే యశ్వంత్ కాళ్లు వాటేసుకున్నాడు. వాడు ముందుకు పడ్డాడు. నా చేతికి దొరికింది చెక్క కొడవలే. దానితో వాడి ముఖం మీద, చేతుల మీద కొట్టాను. అది రెండు ముక్కలయ్యేదాకా కొట్టాను, ముక్కతో కూడా కొట్టాను. వాడి చెయ్యి పట్టు వదిలింది. ఆదినారాయణ మనుషులు పైకొచ్చి వాడి పక్కటెముకలు తన్నడం మొదలుపెట్టారు. వనజమ్మ రక్తం కారే తెగిన చేత్తోనే కొడుకు మీద అడ్డంగా పడుకుంది. తన్నులు ఆమెకూ తగిలాయి. అప్పుడు గానీ జనానికి అది నాటకం కాదని తెలియలేదు. తెలిశాక తలుపుల దగ్గర ఒకరినొకరు తొక్కుకున్నారు.

ఆమె చెయ్యి నిలవలేదు, మణికట్టు దగ్గర తీసేశారు. తెల్లారాక ఆస్పత్రికి ఎస్సై వచ్చాడు.

ఆదినారాయణ పక్క వార్డులో తలకూ భుజానికీ కట్లు కట్టించుకుని కూర్చున్నాడు. "నాటకంలో జరిగిన పొరపాటు సార్. ఆట మధ్యలో ఎక్కినా, నాదే తప్పు. ఆ పిల్లోని మీద నాకేం లేదు" అన్నాడు. 'పిల్లోడు' అన్నప్పుడు ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆయన లెక్క నాకు అర్థమైంది. యశ్వంత్ జైలుకు వెళ్లకూడదు. బయటే ఉండాలి, చేతికి అందాలి. అదే కట్టుబాటు, అవతలి వైపు నుంచి.

యశ్వంత్ చిన్నాయన కూడా పరుగున వచ్చి అదే మాట చెప్పాడు. ఇద్దరు శత్రువులు ఇంత చక్కగా ఒకే మాట మీద నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత వనజమ్మ మంచం దగ్గరికొచ్చి నన్ను అడిగారు. వాడు ఆమెకు ఒక్కడే కొడుకు. "చెక్కది పెట్టాల్సిన చోట నిజమైన కొడవలి పెట్టాము. నాటకానికి బాధ్యత నాది" అన్నాను. ఎస్సై ఊపిరి పీల్చుకుని రాసుకున్నాడు. పక్క బల్ల మీద యశ్వంత్ ముఖమంతా వాచి, కానిస్టేబులు పక్కన కూర్చుని ఉన్నాడు.

"సారూ, ఇట్ల రా" అని మంచం మీద నుంచి వనజమ్మ పిలిచింది. గొంతు పీలగా ఉంది. "అది నాటకం గాదు. నరికింది నా కొడుకు యశ్వంత్. ఆదినారాయణను చంపల్లని వచ్చినాడు. నేను అడ్డం పోయినా. రాసుకో."

చిన్నాయన మీదికొచ్చాడు. "ఏం మాట్లాడతాండావు వదినా? కన్నకొడుకును జైల్లో పెట్టిస్తావా? నువ్వొక తల్లివా?"

"బయటుంటే వీడు ఆయప్పను చంపుతాడు, ల్యాకపోతే ఆయప్ప వీన్ని చంపుతాడు. జైల్లో ఉంటే బతికుంటాడు" అంది. తర్వాత ఎస్సై వైపు తిరిగింది. "ఇంగోటి గూడా రాసుకో సారూ. మా ఇంటాయన్ను నరికేటప్పుడు నేను ఆడే ఉండా. ఎవరెవరు వచ్చినారో పేర్లు చెప్తా. ఆ పొద్దు చూడలేదని చెప్పినా. చూసినా."

"ఆ కేసు ఎప్పుడో కొట్టేసినారు గదమ్మా" అన్నాడు ఎస్సై, ఇబ్బందిగా.

"అయినా రాసుకో."

యశ్వంత్ బల్ల మీద నుంచి లేచాడు. "అమ్మా" అన్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె ఎదురుగా అన్న మొదటి మాట అది. తర్వాత గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది గానీ చెప్పిన మాట మార్చలేదు.

నేను ఎస్సైతో నేను చెప్పింది అబద్ధమని, దాన్ని కొట్టేయమని చెప్పాను. చిన్నాయన నా కాళ్ల దగ్గర ఉమ్మేసి వెళ్లిపోయాడు.

అంతా రాయడం అయ్యాక కానిస్టేబులు వేలిముద్ర కోసం సిరా డబ్బా తెరిచి ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాడు. వనజమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాకు సంతకం వచ్చు. పెన్నియ్యి" అంది.

ఎడమచేత్తో రాయడానికి చాలాసేపు పట్టింది. నేను అట్ట పట్టుకుని పక్కన నిలబడ్డాను. అక్షరాలు వంకర పోయాయి. పేరు మాత్రం పూర్తిగా రాసింది.