రాయప్ప బిగించిన పెట్టెలు

రాయప్ప ఇంకా స్తంభం మీదే ఉన్నాడు. నడుముకు కట్టుకున్న తాడు అతన్ని కింద పడనివ్వలేదు. చేతులకు గ్లౌజులు లేవు. చెప్పులు నిచ్చెన మొదట్లో పక్కపక్కనే విప్పి ఉన్నాయి. గాలివానకు విరిగిన మామిడి కొమ్మ కేబుల్ వైరు మీద అలాగే వేలాడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాపలా ఉండాల్సిన చోట మనిషి లేడు.

స్టీఫెన్ ఇదంతా కెమెరాతో తీశాడు. తీస్తూ ఏడ్చాడు. ఏడుస్తూనే కేబుల్ ఆఫీసుకెళ్ళి ఆ కెమెరాను మేనేజర్ అంకారావు చేతిలో పెట్టాడు. తర్వాత మొహం కడుక్కుని, తల దువ్వుకుని, కోటు తొడుక్కుని వార్తలు చదవడానికి కూర్చున్నాడు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివాడు: "మద్యం మత్తులో స్తంభమెక్కి విద్యుదాఘాతంతో వ్యక్తి మృతి."

రాయప్ప అతనికి బాబాయి వరస. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే చర్చి. పేటలో తాగొచ్చిన మగాళ్ళను బజార్లో నిలబెట్టి చీవాట్లు పెట్టిన సంఘ పెద్ద రాయప్ప. ఆ సంగతి స్టీఫెన్‌కు చదివేటప్పుడు కూడా తెలుసు. అయినా గొంతు ఎక్కడా తడబడలేదు. ఎందుకు తడబడలేదన్న ప్రశ్న ఆ తర్వాత అతన్ని అన్నం ముద్ద మింగనివ్వలేదు.

తిరువూరులో ఒకప్పుడు టీవీ అంటే అంకారావు కేబులే. మామిడి తోటలున్న కుటుంబంలో పుట్టి వ్యాపారంలోకి దిగిన మనిషి. ఆయన చానెల్లో రోజూ అరగంట ఊరి వార్తలు ఉండేవి. పత్తి రేటు, రెడ్డిగూడెంలో తప్పిపోయిన గేదె, ఎ.కొండూరులో సువార్త సభలు, ఎవరింట్లో ఎవరు పోయారో అన్నీ కింద స్క్రోలింగులో పరిగెత్తేవి. తర్వాత సర్కారు నిబంధనలు సడలించింది. ఒక్క కంపెనీ ఎన్ని ఊళ్ళ కేబుళ్ళు కొన్నా అడిగేవాడు లేకుండా పోయాడు. వినీల నెట్‌వర్క్ అని ఒకటొచ్చి చుట్టుపక్కల కేబుళ్ళన్నీ మింగి కూర్చుంది. అంకారావు తన కేబుల్ అమ్మేసి, అందులోనే మేనేజరయ్యాడు. యజమానిగా ఉన్నన్నాళ్ళూ ఆయనకు ఊరంటే కాస్త జంకు ఉండేది. ఇప్పుడు విజయవాడ నుంచి వచ్చే ఫోనంటేనే జంకు.

కొత్త కంపెనీ కొత్త ఎత్తులు వేసింది. అరగంట వార్తలు ప్రకటనల మధ్య ఐదు నిమిషాలకు కుంచించుకుపోయాయి. లైన్‌మెన్లు ఉద్యోగులు కారట, పార్ట్‌నర్లట. వాళ్ళకు పసుపు టీషర్టులు తొడిగి ఫోటోలు తీశారు. లాభంలో పార్ట్‌నర్ కాదు, చావులోనే పార్ట్‌నర్! అంతకుముందు ఒకడు స్తంభమెక్కితే ఇంకొకడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడేవాడు, పైనున్నవాడు దిగేదాకా ఎవరూ కరెంటు వెయ్యకుండా. రాయప్ప ఎక్కితే శౌరయ్య నిలబడాలి, అది వాళ్ళ పద్ధతి. నిలబడ్డానికొక మనిషి దండగ అంది కంపెనీ. శౌరయ్యను ఇంటింటికీ తిరిగి ఇంటర్నెట్ కనెక్షన్లు అమ్మమంది. గాలివాన కొట్టిన రోజున క్రికెట్ మ్యాచ్ ఉంది. "మ్యాచ్ టైముకి లైను రావాల్సిందే" అన్నాడు అంకారావు. రాయప్ప ఒక్కడే ఎక్కాడు. అతను పైనుండగానే ఎవరో కరెంటు వేశారు.

మర్నాడు సమాధి చేసి వచ్చాక పేటంతా చర్చి ముందు పందిట్లో కూర్చుంది. స్టీఫెన్ వెనకెక్కడో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రాయప్ప భార్య ప్రేమావతి తలెత్తి అతన్ని చూసింది.

"స్టీఫెనూ, ఇట్రా."

వెళ్ళాడు.

"నిన్న టీవీలో ఏం చదివావో ఇక్కడ చదువు."

"పిన్నీ... వాళ్ళు రాసిచ్చింది..."

"రాసిందెవరని అడగలేదు. చదివింది నువ్వు. నేను శవం దగ్గరున్నా, వినలేదు. నీ నోటితోనే వినాలి."

ఎవరైనా అడ్డుపడతారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ అడ్డుపడలేదు. మొదలుపెట్టి, మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. "చదువు" అంది ప్రేమావతి. నేల చూస్తూ మొత్తం చదివాడు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. కొడితే బావుండునని అతనికి అనిపించింది.

"కాపలా మనిషి లేకుండా ఎక్కించారని ఎందుకు చదవలేదయ్యా?"

"చదివితే ఉద్యోగం పోద్ది పిన్నీ."

అన్న వెంటనే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. అప్పటికే అందరూ విన్నారు.

శౌరయ్య లేచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వాణ్ణొక్కణ్ణే అంటే ఎట్టా వదినా? నేనేం చేశా? కాపలా తీసేస్తున్నామంటే పసుపు చొక్కా తొడుక్కుని పళ్ళికిలించుకుంటా ఫోటో దిగా. లైన్‌మెన్లం అందరం దిగాం. ఆ రోజే ఎదురు తిరిగుంటే అన్న ఇయ్యాల బతికుండేవాడు."

"ఇప్పుడేం చేద్దాం? కలెక్టరుకి అర్జీ పెడదాం" అన్నారెవరో.

"పెట్టు. నీ అర్జీ మీద టీ గ్లాసు పెట్టుకుంటారు."

"లైన్‌మెన్లం పని మానేస్తాం" అన్నాడు శౌరయ్య.

"మానెయ్. రేపొద్దున బెజవాడ నుంచి ఇంకో పదిమంది పార్ట్‌నర్లు దిగుతారు."

అరుచుకున్నారు, తోసుకున్నారు. అప్పుడు రూతమ్మ చెయ్యెత్తింది. వయసంతా పత్తి ఏరి నడుం వంగిన మనిషి.

"ఒరే శౌరీ, నా గోడకి ఆ పెట్టె ఎందుకుందిరా?"

"ఆంప్లిఫయర్ మామ్మా. సిగ్నల్ నీరసపడకుండా ముందుకి తోస్తది."

"దానికి కరెంటు ఎవరిది?"



కరెంటు రూతమ్మదే. కేబుల్ వేసిన తొలి రోజుల్లో సెంటర్‌లో షాపులవాళ్ళు పెట్టెలకు గోడ ఇచ్చేది లేదన్నారు. రాయప్ప తన పేటలో ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. పెట్టెకు కరెంటు మీరివ్వండి, మీ ఇంటికి టీవీ ఊరికే వస్తుంది అన్నాడు. పెట్టెలన్నీ తన చేతులతోనే బిగించాడు. కంపెనీ రాగానే ఊరికే ఇచ్చే కనెక్షన్లన్నీ పీకేసింది. ప్లగ్గుల సంగతి మాత్రం అడగలేదు, అడిగితే బిల్లు సంగతి వస్తుందని.

"నా టీవీ ఆపారు. పెట్టె మాత్రం నా కరెంటు తాగతానే ఉంది" అంది రూతమ్మ. "ప్లగ్గు పీకితే ఏమవుద్ది?"

"ఇక్కణ్ణుంచి పై ఊరంతటికీ టీవీ పోద్ది మామ్మా."



"కేసు పెడతారేమో" అన్నాడొకడు.

"నా ఇంట్లో నా స్విచ్చి ఆపుకుంటే కేసేంట్రా?"

ప్రేమావతి లేచి నిలబడింది. "ఆయన తాగలేదని చెప్పాలి. కాపలా లేకుండా కంపెనీయే ఎక్కించిందని చెప్పాలి. అదే టీవీలో, అదే వార్తల్లో, అదే గొంతుతో చెప్పాలి. అప్పటిదాకా ఏ ఇంట్లోనూ ప్లగ్గు పెట్టొద్దు."

అందరి చూపులూ స్టీఫెన్ మీదికి తిరిగాయి. "చెప్తాను" అన్నాడు. ఎవరూ నమ్మినట్టు లేదు. వాళ్ళ తప్పేం లేదు.

ఆ సాయంత్రమే పేటలో ప్లగ్గులన్నీ ఊడాయి. సెంటర్‌లో హోటళ్ళు, బంగారం షాపులు, మేడలు, ఎక్కడా టీవీలో బొమ్మ లేదు. మర్నాడు మధ్యాహ్నం అంకారావు ఎస్సైని వెంటబెట్టుకుని పేటకొచ్చాడు. అప్పటికే జనం రూతమ్మ ఇంటి ముందు గోడలా నిలబడి ఉన్నారు.

"రూతమ్మా, మనది ఇయ్యాల్టి సంబంధమా చెప్పు?"

"నా టీవీ పీకిననాడు గుర్తు రాలేదా బాబూ?"

"కంపెనీ ఆస్తి జోలికొస్తే అందర్నీ లోపలేస్తా" అన్నాడు ఎస్సై.

"పెట్టెని ముట్టుకోలేదు సార్. పట్టుకుపొమ్మనండి. గోడ మాది, కరెంటు మాది" అన్నాడు శౌరయ్య.

"మాది! మాది!" అంది జనం.

అంకారావు ఫోను ఆగకుండా మోగుతోంది. పక్కకెళ్ళి తల వంచుకుని మాట్లాడి వచ్చాడు. "సరే. ఈ సాయంత్రం వార్తల్లో స్టీఫెన్ చదువుతాడు. ప్లగ్గులు పెట్టండి."

పెట్టారు. పేటంతా కనెక్షన్ ఉన్న ఇళ్ళలో టీవీల ముందు కూర్చుంది.

స్టూడియోలో స్టీఫెన్ చేతికి కాగితం వచ్చింది. "రాయప్ప మృతి వార్తలో పొరపాటు దొర్లింది. చింతిస్తున్నాం." అంతే ఉంది.

"ఇంతవరకే" అన్నాడు అంకారావు. "ఒక్క మాట ఎక్కువైతే విజయవాడలోనే ప్రసారం నొక్కేస్తారు. కంపెనీ పరువు తీశావని కేసు పెడతారు. నిన్ను నేను కాపాడలేను."

ఆ కాగితం చదివేస్తే సరిపోతుంది. పొరపాటన్నారుగా అని పేటకు సర్దిచెప్పొచ్చు, ఉద్యోగమూ ఉంటుంది. స్టీఫెన్‌కు ఆ ఆశ పుట్టింది. పుట్టినందుకు తన మీద తనకే రోత కలిగింది. ఎర్ర లైటు వెలిగింది. కాగితం బోర్లా పెట్టాడు.

"రాయప్ప తాగలేదు. నేను అబద్ధం చదివాను. తెలిసే చదివాను. కాపలా మనిషిని తీసేసి అతన్ని ఒంటరిగా..."

ఎదురుగా ఉన్న టీవీలో తన మొహం మాయమై నగల ప్రకటన వచ్చింది. ఎవరికీ వినపడదని తెలిసి కూడా ఆ వాక్యం చివరిదాకా చెప్పాడు. బయటికొచ్చేసరికి గుమ్మం ముందు పోలీసు జీపు సిద్ధంగా ఉంది. ఎస్సై అతన్ని అందులోకి ఎక్కించాడు.

జీపు సెంటర్ మీదుగా పోతోంది. టీ హోటల్ టీవీలో ఇంకా ఆ నగలే మెరుస్తున్నాయి. చూస్తూండగానే బొమ్మ ఆరిపోయింది. పక్క షాపులో ఆరింది. ఆ పక్కదాంట్లోనూ ఆరింది. ప్లగ్గు మీద ముందు రూతమ్మ చెయ్యే పడి ఉంటుందని స్టీఫెన్ అనుకున్నాడు.

పేట మలుపు దగ్గర జనం రోడ్డుకు అడ్డంగా ఉన్నారు. లైన్‌మెన్లు పసుపు టీషర్టులు విప్పి నేల మీద కుప్పగా పడేశారు. శౌరయ్య బనీనుతో జీపుకు ఎదురుగా నిలబడ్డాడు. ఎస్సై హారన్ కొట్టించాడు. ఎవరూ కదల్లేదు.

"ఎ.కొండూరు నుంచి ఫోనొచ్చింది స్టీఫెనూ" అని కేకేశాడు శౌరయ్య. "అక్కడ కూడా ప్లగ్గులు పీకేశారంట!"

ప్రేమావతి జీపు పక్కకొచ్చింది.

"పిన్నీ, నన్ను..."

"క్షమించమని అడక్కు. ఇప్పుడు నావల్ల కాదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఒంటరిగా అన్నావు, అక్కడ ఆపేశారు. మిగతాది చెప్పు. అందరూ వినాలి."

"జీపు పోనియ్!" అని అరిచాడు ఎస్సై.

స్టీఫెన్ ఊచ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతు తడబడింది. రెండుసార్లు ఆగిపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

"కాపలా మనిషిని తీసేసి, మా బాబాయిని ఒంటరిగా ఎక్కించి, కంపెనీ చంపింది."

ఊళ్ళో ఒక్క టీవీ కూడా మోగడం లేదు. ఆ మాట జనం వెనక కూర్చున్న రూతమ్మ దాకా వినిపించింది.