మట్టిరంగు క్రీము

శనివారం వేసుకునే తెల్ల యూనిఫాం కాలరు మీద తుప్పురంగు మరక ఈ వారం కూడా పోలేదు. భాగ్యలక్ష్మి బాత్రూం గచ్చు మీద గొంతుక్కూర్చుని బ్రష్షు పెట్టి రుద్దుతూనే ఉంది. సబ్బు అయింది, నిమ్మచెక్క అయింది, మరక మాత్రం అక్కడే ఉంది. వెనక నుంచి అత్త చంద్రమ్మ, "గంతసేపు గీకుతున్నవేందే, బట్ట చినుగుతది. మా కాలంల బూడిద పెట్టి ఉతికితే మల్లెపువ్వు లెక్కయ్యేటివి" అంది. నిజానికి ఆ మరక మురికి వల్ల వచ్చింది కాదు. చంద్రమ్మ రోజూ పొద్దున్నే మనవరాలి మొహానికీ మెడకీ పూసే సన్‌స్క్రీన్‌లో అవోబెంజోన్ అని ఒకటుంటుంది. ఎండను ఆపడానికి వేస్తారు దాన్ని. బట్టకంటిన అవోబెంజోన్‌కు నీళ్ళలోని ఇనుము తగిలిందంటే తుప్పు పట్టినట్టు రంగు తేలుతుంది. శంషాబాద్‌లో వాళ్ళ కాలనీ బోరు నీళ్ళలో ఇనుముకేం కరువు! ఇదంతా అత్తకు చెప్పొచ్చు. కానీ చెప్పలేదు. ఆ క్రీము చేసింది తనే మరి.

ఎయిర్‌పోర్టు కార్గోలో నైటు డ్యూటీ దిగి అప్పుడే ఇంటికొచ్చిన భర్త వీరేందర్, బూట్లు విప్పుకుంటూ బాత్రూంలోకి తొంగిచూశాడు. "క్రీముల కంపెనీల సైంటిస్టువంటవ్, ఒక్క కాలర్ తెల్లగ చేయరాకపాయె నీకు" అని నవ్వాడు. అతను ఏదన్నా నవ్వుతూనే అంటాడు. నవ్వుతూ అన్నదానికి కోపం తెచ్చుకుంటే తప్పు మనదే అవుతుంది కదా, అందుకని ఆమె కోపం తెచ్చుకోదు.

అసలు ఇలాంటి మాటలు ఆమెకు తగలడం మానేసి చాలా ఏళ్ళయింది. పెళ్ళిచూపులనాడు కొత్వాల్‌గూడలో ఆమె పుట్టింటి వాకిట్లో కుర్చీలో కూర్చుని చంద్రమ్మ, "చామనఛాయ అన్నరు గానీ గింత నలుపనుకోలే" అని అందరికీ వినపడేలా అంది. తండ్రి కుర్మయ్య, "ఎమ్మెస్సీ చదివింది మా బిడ్డ" అన్నాడు, నలుపుకు జరిమానా కట్టినట్టు. ఆ రోజు మాత్రం తగిలింది. తర్వాత్తర్వాత పళ్ళ డాక్టరు సూది వేశాక చిగుళ్ళు మొద్దుబారినట్టు అయిపోయింది. పొడిచినట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. చీకటితోనే లేవడం, తలా ఒక రకం టిఫిను, డబ్బాలు సర్దడం, కంపెనీ బస్సు, సాయంత్రం వచ్చాక మళ్ళీ పొయ్యి. ఇంటి పని ఇంట్లో ఉండేవాళ్ళదని అందరూ అంటారు. పగలంతా ఆమె ఇంట్లో ఉండదు, అయినా పని ఆమెదే. ఇదేం న్యాయమని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనలేదు.

కంపెనీ కొత్తూరులో, హైవే పక్కన రేకుల షెడ్ల వెనక ఉంటుంది. ల్యాబులో ఆమెకొక బల్ల, ఒక మిక్సరు ఇచ్చారు. వాటికన్నా కంపెనీకి ముఖ్యమైంది ఆమె ఎడమ ముంజెయ్యి. ఎండను అడ్డుకునే జింకు ఆక్సైడు, టైటానియం డయాక్సైడు రెండూ తెల్లటి పొడులు. తెల్లగా ఉన్నవాళ్ళు పూసుకుంటే అంతగా కనపడవు గానీ, నల్లగా ఉన్నవాళ్ళకు పూస్తే గోడకు సున్నం కొట్టినట్టు తేలతాయి. అది ఎంత తేలుతోందో చూడాలంటే నల్లటి చెయ్యి కావాలి. "ఈ పనికి మన ల్యాబులో మీ చెయ్యే బెస్టమ్మా" అన్నాడు మేనేజరు సూర్యప్రకాశరావు, ఆమె చేరిన కొత్తలోనే. గోదావరి వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ పెద్దమనిషి, మాట మెత్తన. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. ఎవరైనా ల్యాబు చూడ్డానికొస్తే "ఓసారి చెయ్యివ్వండమ్మా" అంటాడు. ఆమె చెయ్యి చాపుతుంది. వచ్చినవాళ్ళు చేతిని చూసి మాట్లాడుకుంటారు, ఆమె మొహం చూడరు. వాళ్ళు వెళ్ళాక స్పిరిటు దూదితో తుడుచుకుంటుంది. తుడిచి తుడిచి అక్కడ చర్మం బరకబారింది.

అయినా ఆ చేతిమీదే ఆమె ఒక పని సాధించింది. జింకు తెలుపును కప్పెట్టడానికి ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడు పొడులు చిటికెడు చిటికెడు కలుపుతూ పోయింది. కాస్త ఎక్కువైతే ఇటుకపొడి పూసినట్టు, తక్కువైతే బూడిద పూసినట్టు. ఎన్ని నెలలు పారబోసిందో! ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్ళినప్పుడు, పూసిన క్రీము చేతిమీద కనపడకుండా పోయింది. ఎక్కడ పూసిందో ఆమెకే తెలియలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది, చెయ్యి బయటికి చాపి ఎండలో చూసింది. తన రంగే ఉంది, అంతే. ఆ రోజు ఆమెకు సంతోషమేసింది. అబ్బ, ఎంత సంతోషమో! ఇంట్లో ఎవరికి ఎలా చెప్పాలో తెలియక, బస్సులో దారంతా చెయ్యి చూసుకుంటూ వచ్చింది.

తర్వాత సూర్యప్రకాశరావు, ఏది అమ్మకానికి పెట్టాలో తేల్చడానికి, రెండు రకాల ట్యూబులు స్టాఫు ఇళ్ళకు పంచాడు. ఒకటి భాగ్యలక్ష్మి కుదిర్చింది. రెండోది ఆయన చెప్పినట్టు ఆమే చేసిన మామూలుది: టైటానియం దండిగా, అవోబెంజోన్, దానికి తోడు అలాంటిదే, చవగ్గా దొరికే ఆక్సీబెంజోన్, ఎండను ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె ట్యూబు మీద పెద్దగా. చంద్రమ్మ మొదటిది వేలిమీద వేసుకుని, "గిదేందే మట్టి లెక్కున్నది, మట్టి పూసుకుంటరా ఎవలన్న?" అని చీరకొంగుకు తుడిచేసింది. రెండోది మనవరాలికి పూసింది. ఒకటో తరగతి చదివే ప్రియదర్శిని అచ్చంగా తల్లి రంగు. అద్దంలో చూసుకుని "నానమ్మా, నేను తెల్లగైన!" అని గంతేసింది. వీరేందర్ ఫోనులో ఫోటో తీసి, "ఇన్నొద్దులకు కంపెనీకెల్లి పనికొచ్చేది తెచ్చినవ్" అని నవ్వాడు.

"అది పిల్లలకు కాదత్తమ్మా. అండ్లున్న మందు తోలుకెల్లి రక్తంల కలుస్తదంటున్నరు. ఏం చేస్తదో ఇంకా ఎవలికి సక్కగ తెల్వది" అంది భాగ్యలక్ష్మి.

"మరి నువ్వెందుకు చేసినవే?" అంది చంద్రమ్మ.

భాగ్యలక్ష్మి ఒకసారి ట్యూబు దాచిపెట్టింది. చంద్రమ్మ బియ్యం డబ్బా వెనక నుంచి వెతికి తీసి, "నీ బిడ్డ గూడ నీ లెక్కనే ఉండాల్నా?" అని అడిగింది. తిట్టలేదు, నిజంగానే అడిగింది. ముసలామెకు మనవరాలంటే ప్రాణం మరి. రోజూ పొద్దున ఒళ్ళో కూర్చోబెట్టుకుని దిట్టంగా పూస్తుంది, తెల్లగా కనపడాలి కదా. ట్యూబు మీది అంకె అంత దిట్టంగా పూస్తేనే నిజమవుతుంది. లోకమంతా శెనగ్గింజంత రాసుకుని ఆ అంకెను నమ్ముకుంటుంది. ఆ ఒక్క విషయంలో చంద్రమ్మే పుస్తకం ప్రకారం పోతోంది! భాగ్యలక్ష్మి పక్కనే పొయ్యి దగ్గర నిలబడి డబ్బాలు సర్దేది. చెయ్యి ఆగేది కాదు.

గురువారం సూర్యప్రకాశరావు అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. "మీ ఇంట్లో ఏది నచ్చిందమ్మా?" అని అడిగాడు భాగ్యలక్ష్మిని.

"తెల్లగుండేదే సార్" అంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

"చూశారా, అన్ని ఇళ్ళల్లోనూ అదే మాట. ఇన్నాళ్ళూ ఆ తెలుపు పోగొట్టాలని మనమే తంటాలు పడ్డాం. జనానికి కావాల్సింది అదేనమ్మా! 'పూసిన వెంటనే తెల్లదనం' అని పెడదాం డబ్బా మీద. ఎయిర్‌పోర్టులో షాపువాళ్ళు కూడా అడుగుతున్నారు, గోవా, అండమాన్ వెళ్ళేవాళ్ళకు చిన్న ట్యూబులు. శనివారం మొదటి పెద్ద బ్యాచి. మీరు దగ్గరుండి చేయించాలి."

"సార్, ఆ ఆక్సీబెంజోన్ సముద్రంల కలిస్తే పగడాల దిబ్బలు తెల్లబడి చచ్చిపోతున్నయని పేపర్లల్ల రాస్తున్నరు" అంది మెల్లగా.

"కొత్తూరులో పగడాలెక్కడివమ్మా, మా ఆవిడ మెళ్ళో తప్ప!" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్ద మిక్సర్లు కడిగిన నీళ్ళు షెడ్డు వెనక గుంటలోకి పోతాయి, అక్కణ్ణుంచి ఎటు పోతాయో ఆ నవ్వేవాళ్ళలో ఎవరికీ తెలియదు. "మీది కూడా చూద్దాంలెండి, తర్వాత. ఆ మట్టిరంగొకటి మార్చగలిగితే" అన్నాడు ఆయన. రంగు తీసేస్తే అందులో ఇంకేం మిగులుతుంది? "సరే సార్" అంది ఆమె. ఇంట్లోనూ, ఇక్కడా, ఆమె ఎక్కువగా వాడే మాట అదే.

శుక్రవారం సాయంత్రం వంటింట్లో చపాతీలు వత్తుతుంటే ప్రియదర్శిని వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది.

"అమ్మా, రేపు స్కూల్ల మీటింగున్నది. నానమ్మ వస్తది."

"నానమ్మెందుకు, నేనొస్త" అంది భాగ్యలక్ష్మి, శనివారం బ్యాచి సంగతి గుర్తు రాకుండానే.

"నువ్వొద్దు."

"ఎందుకు బిడ్డా?"

"నువ్వొస్తే నేను నల్లగుంటనని అందరికి తెలుస్తది గద."

రబ్బరు పోయింది, కొత్తది కావాలి అన్నంత మామూలుగా అంది. కోపం లేదు, పెంకితనం లేదు. ముందుగదిలో టీవీ చూస్తున్న చంద్రమ్మ, "పోరికి ఎంత తెలివున్నదో సూడు" అని మురిసిపోయింది. వీరేందర్ అద్దం ముందు తల దువ్వుకుంటూ, "నీకెట్లాగూ రేపు డ్యూటీ ఉన్నది గద. అమ్మ పోతది తియ్. గింత దానికి పరేషాన్ ఎందుకు?" అన్నాడు. అన్నీ చక్కగా కుదిరాయి. ఆమె వెళ్ళకుండా ఉండటం అందరికీ వీలుగానే ఉంది, కంపెనీకి, భర్తకి, అత్తకి, కన్నబిడ్డకి. ఆమె చేతిలో చపాతీ కర్ర ఆగిపోయింది. రొమ్ము లోపల ఎక్కడో గుచ్చుకుంది, నొప్పి తెలిసింది. ఇన్నేళ్ళుగా ఎవరేమన్నా తగలని మనిషికి ఇది తగిలింది. రోజంతా మిక్సరు దగ్గర నిలబడి, గడ్డలు లేకుండా పొడి కలిపి, ట్యూబులో నింపి, మూత బిగించి తెచ్చింది తనే. బిడ్డ మొహం మీద ఉన్నది తన చేతిపనే. తల్లిని దాచిపెట్టాల్సినంత బాగా కుదిరింది. పెనం మీద చపాతీ మాడి పొగ వచ్చాక గానీ ఆమె కదల్లేదు.

మర్నాడు పొద్దున మామూలుగానే లేచింది. టిఫిన్లు చేసింది, డబ్బా సర్దింది, మరక పోని తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పిల్లకు తొడిగింది. వీధి చివర కంపెనీ బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. భాగ్యలక్ష్మి ఫోను తీసింది.

"సార్, ఇయ్యాల నేను వస్తలేను. ఆ తెల్లది నేను చెయ్యను సార్. ఇయ్యాలనే కాదు, ఎన్నడు చెయ్య."

"అదేంటమ్మా, మీ ఇంట్లో కూడా అదే నచ్చిందన్నారుగా?"

"అవ్ సార్. అందుకే."

"ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి మరి."

"ఆలోచించుకున్న సార్" అంది. ఆలోచించుకున్నదేమీ లేదు, నోరు ముందే అనేసింది. ఫోను పెట్టేసింది. వీరేందర్ నవ్వడం మరిచిపోయి నిలబడ్డాడు. "ఏందిది, నౌకరి పోతే ఎట్ల?" అన్నాడు. చంద్రమ్మ అప్పటికే మంచి చీర కట్టుకుని చెప్పులేసుకుంటోంది. "మీరుండుండ్రి అత్తమ్మా, నేను పోతున్న" అని భాగ్యలక్ష్మి గడప దాటింది.

పిల్ల ఏడ్చింది. నానమ్మే రావాలని కాళ్ళు కొట్టుకుంది. చంద్రమ్మ పొద్దున్నే పూసిన పూత మొహం మీద అలాగే ఉంది. భాగ్యలక్ష్మి తుడవాలనుకుంటే తుడవొచ్చు, చేతిలో రుమాలు కూడా ఉంది. ఆ మొహాన్ని పట్టుకుని లాగి, గీకి, ఇలా ఉండు అలా ఉండు అని చెప్పే చేతులు దాని బతుకులో ఇంకా చాలా వస్తాయి, తన చెయ్యి అందులో ఒకటి కావద్దనుకుంది. రుమాలు సంచిలో పెట్టేసింది. దారంతా పిల్ల ముందు నడిచింది, తల్లి వెనక నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు పిల్ల. పిలుద్దామని నోటిదాకా వచ్చింది గానీ పిలవలేదు, దూరం మాత్రం పెరగనివ్వలేదు.

క్లాసులో చిన్న బెంచీల మీద అమ్మలు, నాన్నలు ఇరుక్కుని కూర్చున్నారు. ప్రియదర్శిని గబగబా వెళ్ళి స్నేహితుల మధ్య దూరింది. కామాక్షి టీచరు కాగితాల్లోంచి తలెత్తి, గుమ్మంలో నిలబడ్డ భాగ్యలక్ష్మిని చూసింది, పిల్లను చూసింది, మళ్ళీ భాగ్యలక్ష్మిని చూసింది. "ప్రియదర్శినికి వాళ్ళ నానమ్మగారు కదండీ వచ్చేది?" అని, కాస్త తటపటాయించి, మర్యాదగానే అడిగింది. "మీరు వాళ్ళింట్లో పనిచేస్తారా?"

పిల్లలందరూ తిరిగి చూశారు. ప్రియదర్శిని తల వంచుకుని బల్ల మీది గీతలు చూస్తోంది. భాగ్యలక్ష్మికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నేళ్ళయిందో అలా తిరిగి! ఆమె తుడుచుకోలేదు, తల దించుకోలేదు.

"ఆ, ఇంట్ల పనంత నేనే చేస్త మేడం" అంది, వెనక బెంచీల దాకా వినపడేలా. "నేను ప్రియదర్శిని అమ్మను. ఇగ నుంచి నేనే వస్త."