నేను నింపిన ఫారాలు

మా బట్టల ఫ్యాక్టరీకి ఎదురుగానే బడి. ఆ రోజు మధ్యాహ్నం మాతో పాటు పనిచేసే ఇస్త్రీ అక్క కూతురు, తెలివైన పిల్లలకని విడిగా పెట్టిన 'ప్రతిభా తరగతి' కిటికీ చువ్వలు పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడి లోపలికి చూస్తోంది. లోపల పన్నెండు కుర్చీలు, ఫ్యాను, బీరువా నిండా పుస్తకాలు. మిగతా పిల్లలకు వరండాలో నేల, రెండు క్లాసులకు ఒకే టీచరు.

"పో అవతలికి! లిస్టులో నీ పేరు లేదు" అంటూ ఆయా దాన్ని రెక్క పట్టి లాగేసింది.

ఆ పన్నెండు కుర్చీల్లో పదకొండు ఆఫీసర్ల పిల్లలవి. మిగిలిన ఒక్కదాంట్లో నా కూతురు. నేను చూస్తూ నిలబడ్డాను తప్ప నోరు విప్పలేదు. ఎందుకో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, అయినా వినండి.

"మీ బిడ్డలోని ప్రత్యేకత ఏమిటి?" అని ఆ తరగతిలో చేరడానికి ఇచ్చిన ఫారంలో ఒక గడి ఉంది. మా కుట్టు లైన్లో రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నలభై ఫారాలూ భోజనాల వేళ నేనే నింపాను.

"మా దాని చెవి భలే చెవి! చప్పుడు విని ఏ మిషన్లో సూది విరగబోతోందో చెప్పేస్తుంది. రాయవే" అంది ఇస్త్రీ అక్క సంబరంగా.

నిజమే, మేమంతా చూశాం. నేను తలూపి, "ఏమీ లేదు" అని రాశాను. మిగతా అందరివీ అంతే. నా కూతురి ఫారంలో మాత్రం అది చదవని పుస్తకాల పేర్లు వరసగా రాశాను. కూలివాళ్ళకు ఒక్క సీటే ఇస్తారని నాకు తెలుసు. ఛీ, నా బతుకు!

ఆయా దాన్ని లాగేసిన మర్నాడు భోజనాల దగ్గర గోల మొదలైంది.

"మన పిల్లలంతా మొద్దులేనా?"

"ఫారాలు చూసే ఎంచారటగా!"

నేను ముద్ద కింద పెట్టేశాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇస్త్రీ అక్క నా క్యారేజీని పక్కకు తోసేసింది.

"నా ఎదురుగా కూర్చుని రాశావే! ఒక్క చోట తిన్నామే!"

"దీన్ని తర్వాత తిడదాం" అంది కాలర్లు కుట్టే పెద్దమ్మ. "ఒక్క సీటు పడేసి మనల్ని కొట్టుకు చావమన్నదెవరు? ముందు వాళ్ళ సంగతి చూడండి."

మిషన్లు ఆగిపోయాయి. నలభై మందిమి రోడ్డు దాటి, పిల్లలందరినీ ఆ గదిలోకి పంపి, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాం. హెడ్మాస్టరు పరుగున వచ్చి నేరుగా నా దగ్గరే ఆగాడు. ఎవరిని బెదిరించాలో ఆయనకు బాగా తెలుసు.

"వీళ్ళను లేపి తీసుకెళ్ళు. లేదంటే నీ కూతురి పేరు కొట్టేస్తాను."

అబద్ధమెందుకు, లేచిపోదామనే అనిపించింది. ఇస్త్రీ అక్క నా వైపు తిరిగింది.

"మాట్లాడవేం? రాసేటప్పుడు చెయ్యి బాగానే ఆడిందిగా!"

"కొట్టెయ్యండి సార్" అన్నాను. " అందరికీ పాఠం చెప్పేదాకా మేం లేవం."

ఆయన మా కళ్ళముందే దాని పేరు కొట్టేశాడు. నా కూతురు బావురుమంది. "నేనేం చేశానమ్మా?" అని అడిగింది. ఆ రాత్రి అది నాకు వీపు తిప్పి పడుకుంది.

ఇస్త్రీ అక్క కూడా నా మొహం చూడలేదు. కానీ రాత్రికి పిల్లలను ఇళ్ళకు చేర్చి, తెల్లారి మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్తే, కాస్త జరిగి నాకు చోటిచ్చింది. పక్క లైన్ల వాళ్ళూ వచ్చి కూర్చున్నారు; పోలీసు వ్యాను వచ్చేసరికి మేం అరవై మందిమి.