పదకొండూ ఇరవై

మూడున్నరకు షిఫ్ట్ ముగిసి, పనిలోకి దిగేముందు మా ఫోన్లన్నీ వేయించుకునే పెట్టె తెరిచినప్పుడు చెంగమ్మక్క ఫోన్‌లో ఇరవైమూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మొదటిది పదకొండూ ఇరవైకి. ఆఖరున వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్. అక్క దాన్ని అక్కడే, మా అందరి మధ్య నొక్కింది.

"చెంగా, యాడుండావు మే? బిన్నా రా."

తొందరగా రమ్మంటున్న ఆ గొంతు అక్క మొగుడు దేవేంద్రన్ బావది. మరమగ్గం దగ్గర కరెంటు కొట్టింది. తిరువళ్ళూరు ఆసుపత్రిలో రెండింటిదాకా ప్రాణంతో ఉన్నాడు. మా ఫ్యాక్టరీ నుంచి అక్కడికి ఆటోలో పావుగంట. అక్క వెళ్ళేసరికి గుడ్డ కప్పేశారు.

నా పేరు నిత్య. కార్లలో వేసే వైర్ల కట్టలు కడతాం మేము, అక్క పక్క బల్లే నాది. మా కోసం ఇక్కడికొచ్చిన మీరు పనిచేసేవాళ్ళు, చదువుకునేవాళ్ళు, మీ దగ్గర దాపరికం ఎందుకు? ఆ పెట్టె వచ్చిన రోజు మేమే సంబరపడ్డాం. కే.జీ.కండిగైలో కంపెనీ బస్సెక్కితే చాలు, మొగుళ్ళ వీడియో కాల్స్ మొదలు: ఎవరి పక్కన కూచున్నావు, ఎందుకు నవ్వుతున్నావు. ఎనిమిది గంటలు ఆ పీడ వదిలిందిరా దేవుడా అనుకుని సంతకాలు పెట్టాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

పదిహేడో రోజు అక్క పనికొచ్చింది. ఫోన్ పెట్టెలో వేసి బల్ల ముందు కూచుంది. ఏడవలేదు. టీ ఇస్తే తాగింది. మాకూ ఏడుపు రాలేదు. చేతులు వైర్లు కడుతూనే ఉన్నాయి.

సూపర్‌వైజర్ మోహన్‌రాజ్ గాజు గదిలో కంపెనీ వైఫై మీద క్రికెట్ చూస్తుంటాడు. టీ వేళ పోయి నిలదీశాం.

"ఆ పొద్దు బావ తమ్ముడు ఆఫీసుకు ఫోన్ చేసినాడంటనే. అక్కకు ఎందుకు చెప్పలేదన్నా?"

"లైన్ మధ్యలో పిలవగూడదని రూలు. మీకు నెట్ విడిస్తే రీల్స్ చూస్తా కూచుంటారు. వేలు తెగితే జవాబు ఎవురు చెప్పేది?"

"నువ్వు పొద్దంతా చూస్తాండావే, నీ వేలు తెగలేదే!" అంది సెల్వి.

సాయంత్రం బస్సులో మాలో మాకే గొడవ.

"వాడు చెప్పేదాంట్లో నిజముండాది. మిషన్ కాడ ఫోన్ పట్టుకుంటే చెయ్యి పోతాది," అంది వళ్ళియమ్మ పెద్దమ్మ.

"మిషన్ కాడ ఎవురడిగినారు పెద్దమ్మా? లైన్ మొనలో కంప్యూటర్ ఉండాది గదా. దానికి నెట్ విడిచి, ఇంటి నుంచి మెసేజ్ వస్తే పేరు కనబడేట్టు పెడితే చాలు," అన్నాను.

"అడిగితే పని తీసేస్తే?" అంది వెనక సీటు నుంచి అభినయ.

బస్సు తిరుత్తణి చేరబోతుండగా చెంగమ్మక్క నోరు తెరిచింది.

"సైలెంట్‌లో పెట్టినా అలారం మోగతాదా నిత్యా?"

"మోగతాదక్కా."

"సరి," అంది. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. అంతే, బస్సులో అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, మిగతా బస్సులవాళ్ళకూ మెసేజ్‌లు పోయాయి. వళ్ళియమ్మ పెద్దమ్మకు అలారం పెట్టడం రాదు. తనే అడిగి నాతో పెట్టించుకుంది.

మర్నాడు పదకొండూ ఇరవైకి పెట్టెలో డెబ్బైరెండు ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. మురుగన్ పాట, సినిమా పాట, కోడికూత. మోహన్‌రాజ్ గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవురిది ఫోను?"

"నాది," సెల్వి లేచింది.

"నాది." వళ్ళియమ్మ పెద్దమ్మ.

"నాది." అభినయ.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అక్క మాత్రం చేతిలో ఉన్న కట్ట పూర్తి చేసి, టేపు చుట్టి, బల్ల మీద పెట్టింది. పోయి పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించింది.

"ఆ పొద్దు ఇరవైమూడు తూర్లు ఇట్లనే అదిరింటాదా మోహనా?"

వాడు జేబులోంచి తన ఫోన్ తీసి మేనేజర్‌ను పిలిచాడు.

"తెరువు," అంది అక్క. వెనక అందరం అదే మాట అన్నాం. మేనేజర్ వచ్చి పేర్లు రాసుకున్నాడు, తిరిగి పనికి కూచున్నవాళ్ళకు ఏమీ కాదన్నాడు. ఒక్కతీ కూచోలేదు. పెట్టె తెరిపించుకుని, ఫోన్లు తీసుకుని, గేటు బయటికి నడిచాం.

గేటు ముందు మాకిది నాలుగో రోజు. అక్కకూ నాకూ సస్పెన్షన్ కాగితాలు వచ్చాయి. నిన్న ఆవడి నుంచి ఇంకో కంపెనీ ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళకూ ఇలాంటి పెట్టే ఉందట. గేటు లోపల మేనేజర్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు, పోలీసులతోనే అయ్యుంటుంది. అక్క నా పక్కనే నిలబడి ఉంది, ఇప్పటికీ ఏడవలేదు.

పదకొండూ పద్దెనిమిది అయింది. మీ ఫోన్లు బయటికి తీయండి.