కొండచీపురు దుబ్బులు

గిన్నెలు కడిగిన నీళ్ళు ప్రమీలారాణి ఏ రోజూ మోరీలో పొయ్యదు. బకెట్లో పట్టి పెరట్లోకి మోసుకెళ్ళి గడ్డి ఆకుల మీద చల్లుతుంది. కిరండూల్లో ఇనుప ఖనిజం తవ్వే కొండ దుమ్ము ఎర్రగా దిగి ఆకునీ, ఆరేసిన చీరనీ, అన్నం మీది మూతనీ ఒకేలా కప్పేస్తుంది. నీళ్ళు పడితే పచ్చదనం బయటికొస్తుంది. రోజు మొత్తంలో ఆమె ఎవరికీ ఏమీ చేసిపెట్టకుండా నిలబడేది ఆ కాసేపే.

పెరడు రైల్వే క్వార్టరుది. క్వార్టరు ఆమెది. తండ్రి పైడయ్య యార్డులో వ్యాగన్ల మధ్య నలిగిపోతే కూతురికి ఉద్యోగం, దాంతో ఈ క్వార్టరూ ఇచ్చారు. పట్టాల గ్యాంగులో మగాళ్ళతో సమానంగా గునపం పట్టి కంకర సర్దుతుంది. పని ఆగగానే మాత్రం గ్యాంగుకి పెద్ద, మేట్, ఆమె వైపే చూస్తాడు, "ప్రమీలా, చాయ్ బనావో" అని. అక్కడ చాయ్ పెట్టి ఇంటికొస్తే మొగుడు దేవరాజు, అత్త వరహాలమ్మ టీ కోసం కూర్చుని ఉంటారు. ఖనిజం లారీ తోలే దేవరాజు వచ్చినవాళ్ళందరికీ "మా కోటరు" అని చూపిస్తాడు. పెళ్ళాం పేరు మీద వచ్చిందని చెప్పడానికి నోరు రాదు. కొత్తలో ఆమె లోపల్లోపల నవ్వుకునేది. రానురాను ఆమెకే అది అతని ఇల్లన్నట్టు అలవాటైపోయింది. అంతకంటే దారుణం ఏముంది?

గడ్డి మాత్రం తనది. రైలు కట్ట మీద గాలికి ఊగే కొండచీపురు దుబ్బుని గ్యాంగులో తోడు పనిచేసే గిరిజన పిల్ల హిడ్మే చూపిస్తే పెళ్ళగించి తెచ్చింది. తర్వాత గులాబీరంగు కుచ్చుల గడ్డి, ఆ తర్వాత నిమ్మగడ్డి. పొడుగువి గోడ వారన, పొట్టివి ముందు. మాఘమాసానికి కుచ్చులు విచ్చుకుని పెరడంతా మెత్తగా ఊగేది. "వండుకోడానికా, తినడానికా, దీనివల్ల ఉపయోగమేటి?" అనేది వరహాలమ్మ. ఉపయోగం లేనిది ఒక్కటైనా తన బతుకులో ఉండాలని ఎంత ఆశో, ఆవిడకేం చెప్తుంది!

ఒకరోజు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి దుబ్బులన్నీ బోడిగా ఉన్నాయి. అరుగు మీద వరహాలమ్మ కుచ్చుల్ని తాడుతో బిగించి చీపుర్లు కడుతోంది.

"అత్తా, ఎవర్నడిగి కోసినావు?"

"గడ్డి కొయ్యడానికి నిన్నడగాలేటే? ఇల్లూడ్చుకోడానికి చీపుర్లొచ్చినాయి, సంతోషించు."

"నా పెరట్లో చెయ్యెట్టడానికి నువ్వెవరు?"

ఆ 'నా' అన్న మాటకే దేవరాజు లోపల్నుంచి లేచొచ్చాడు. కట్టిన చీపురు అందుకున్నాడు. మొదటి దెబ్బ చెంప మీద, రెండోది మెడ మీద, ఆ తర్వాత ఎక్కడెక్కడ పడ్డాయో ఆమెకి తెలీదు. దేవరాజు వాళ్ళ ఊళ్ళో దయ్యం పట్టినవాళ్ళని అలా చీపురుతో కొడతారు. తను నీళ్ళు పోసి పెంచిన గడ్డే తన పెదవి చీల్చింది. పక్క క్వార్టర్ల తలుపులు తెరుచుకుని, చూసి, మూసుకున్నాయి. "నీ పెరడా? నీ పెరడా?" అంటూ అతను, తల్లి కోసి పడేసిన ఎండాకుల్ని దుబ్బుల మీద పోగేసి అగ్గిపుల్ల గీశాడు. మంట పెళపెళమంటూ గోడెత్తు లేచింది.

"ఇప్పుడేడువు," అన్నాడు.

ఆమె ఏడవలేదు. ఏటా ఎండాకాలం రైలు కట్ట మీద గడ్డి కాలిపోవడం, వాన పడగానే మళ్ళీ లేవడం చూస్తూనే ఉంది. కాలేది ఆకులే. నోట్లో నెత్తురు ఉమ్మేసి వెళ్ళి బియ్యం కడిగింది. ఆ పూట కూడా వంట తనే చేసినందుకు, మాడిన గడ్డి కంటే తన మీద తనకే ఎక్కువ అసహ్యం వేసింది.

తొలి వాన పడ్డాక నల్లటి మొదళ్ళలోంచి పచ్చటి మొలకలు పొడుచుకొచ్చాయి. అవి దేవరాజు కంట్లో పడ్డాయి. తను కాల్చింది బతికిందన్నది అతను ఓర్చుకోలేకపోయాడు. ప్రమీల డ్యూటీ నుంచి వచ్చి గేటు తీసేసరికి గునపంతో దుబ్బుల్ని వేళ్ళతో సహా పెకలిస్తున్నాడు. వేరు పోతే ఇంక ఏ వానా కాపాడదు.

వెళ్ళి గునపం లాక్కుంది. అతను చెయ్యెత్తాడు. రోజూ పట్టాల మీద ఎత్తి దించే ఊపుతోనే ఆమె గునపం ఎత్తి దించింది. అది దేవరాజు పాదానికి బెత్తెడు దూరంలో నేలలో దిగబడింది. కావాలనే తప్పించింది. ఆ సంగతి అతనికీ అర్థమైంది. ఎత్తిన చెయ్యి దానంతటదే దిగింది.

"రేపు పాసింజరుకి మీ ఊరెల్లిపోండి. నువ్వూ, మీ అమ్మా."

"నా ఇంట్లోంచి నన్నే పొమ్మంటావేటే?"

"మా అయ్య పేనం పోతే వచ్చిన ఇల్లిది. నీదెప్పుడైందిరా?"

వరహాలమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. ప్రమీల ఆవిడని దాటుకుని లోపలికెళ్ళి, తలుపు వెనక నుంచి తన పెదవి చీల్చిన చీపురు తెచ్చి దేవరాజు చేతిలో పెట్టింది.

"ఎల్లేముందు ఇల్లు ఊడ్చి ఎల్లు."