లేని అడ్డు

హేమ కత్తిపీట ముందు కూర్చుని కవళ్ళ చేపలకి పొలుసు గీస్తోంది. వెనకాల తండ్రి దాలయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నాడు. పదకొండింటికి ఆయన శ్రీకాకుళం ఆర్టీవో ఆఫీసులో ఉండాలి.

"పెళ్ళికొడుకులాగున్నావు, నా దిష్టే తగులుతాది," అంది తల్లి కూర్మమ్మ. ఎవరూ నవ్వలేదు.

నెల కిందట దాలయ్య ఆమదాలవలసకి చేపల వ్యాను తోలుకుపోతున్నాడు. పెద్దరోడ్డు మీద ముందు పోతున్న కొత్త కారు, ఎదర ఏమీ లేకుండానే టక్కున ఆగిపోయింది. వ్యాను వెళ్ళి గుద్దింది. కారులో ఉన్నావిడ చెయ్యి విరిగింది. దాలయ్య కునుకు తీశాడన్నారు అందరూ. పదిహేనేళ్ళు తెప్ప మీద రాత్రిళ్ళు కన్ను వాల్చని మనిషిని.

ఏం జరిగి ఉంటుందో హేమకి తెలుసు. విశాఖపట్నంలో ఒక ల్యాబులో ఆమె పనిచేసేది కార్ల రాడార్ల మీదే. అలాంటి కారు ముక్కులో రాడారు ఉంటుంది. అది తరంగాన్ని పంపి, తగిలి తిరిగొచ్చినదాన్ని బట్టి ముందు ఏముందో పోల్చుకుంటుంది. ఎదురొచ్చే కారులోనూ అలాంటి రాడారే ఉంటే, దాని తరంగం ఇందులో పడుతుంది. ఇది తనదేననుకుంటుంది. లేని అడ్డు కనిపిస్తుంది, బ్రేకు దానంతటదే పడుతుంది.

ఈ మాట చెబితే దాలయ్యకి వెంటనే బోధపడింది. మంచు కమ్మిన పొద్దున తెప్పలు గుద్దుకోకుండా తెడ్డుతో చెక్క మీద కొడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో దెబ్బ. దాలయ్య ఇంటిది మూడు కొట్టి, ఆగి, ఒకటి.

"ఒకపాలి మా బావ సోములు ఎకసెక్కానికి మా దెబ్బ కొట్టీసినాడు. మా తమ్ముడనుకుని అటే తిప్పినాను. తెప్పలు గుద్దీసుకుని ఇద్దరం నీల్లల్లో పడ్డాం. మరి ఆ కార్లకి ఎవలి దెబ్బ ఆలకి ఇవ్వనేదేటే?"

"అదే సేస్తన్నాం నాన్నా. ఇంకా అవ్వనేదు."

ఆ తర్వాత రుజువు కోసం ఆమె తిరగని చోటు లేదు. కారు తనలో రాసుకున్నది ఒక్కటే: ముందు అడ్డు ఉంది, ఆపాను. ఎదురొచ్చిన కారు ఎవరిదో తెలియదు. తరంగం జాడ ఎక్కడా మిగల్లేదు. ల్యాబులో రెండు వందల సార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లు అలా జరిగింది. ఆ కాగితాలు పట్టుకెళ్తే ఆర్టీవో ఆఫీసులో అధికారి ఓపిగ్గానే చూశాడు.

"ఆ రోజు జరిగింది అయిదోదని ఏటమ్మా సాక్ష్యం?" అన్నాడు.

ఆ ఆఫీసు దగ్గర పనులు చేయించిపెట్టే బ్రోకరు నరసింగరావు నిన్న ఒక కాగితం రాసిచ్చి వెళ్ళాడు. కునికానని ఒప్పుకుని సంతకం పెడితే మూడు నెలలాపి లైసెన్సు తిరిగిచ్చేస్తారట. పెట్టకపోతే రద్దేనట. కాగితం గూట్లో, దీపం పక్కన ఉంది.

దాలయ్య దాన్ని తీశాడు గాని మడత పెట్టలేదు.

"హేమా, సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. ఇంకో వారం ఆగితే ఏటైనా దొరుకుతాదా?"

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. వేళ్ళనిండా పొలుసు.

"నేదు నాన్నా."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

వేటకైనా, వీధి చివరి కొట్టుకైనా, ఆ ఇంట్లో మగాడు "వస్తాను" అనందే గడప దాటడు. ఆ మాట కోసం కూర్మమ్మ గుమ్మంలో నిలబడింది. దాలయ్య చెప్పులు వేసుకున్నాడు. జేబు ఒకసారి తడుముకున్నాడు. ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా, ఆ మాట అనకుండానే గడప దాటాడు.